సగటు తెలుసు, సభ్యులు తెలీదు

అందరికీ నమస్కారం. స్లైడ్లు తర్వాత. ముందు ఒక చెయ్యి పూర్తిగా చాపి మీ బొటనవేలి గోరు వంక చూడండి. కన్ను ఏ క్షణంలోనైనా బాగా స్పష్టంగా చూడగలిగే మేర ఇంచుమించు ఆ గోరంతే, అంటే ఓ రెండు డిగ్రీలు. ఆ చుట్టుపక్కల తలలు, కుర్చీలు, గోడలు, దూరం పోయేకొద్దీ అంతా మసకే. అయినా హాలు మసగ్గా ఉందని మీలో ఎవరికీ అనిపించడం లేదు కదా.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. స్పష్టంగా కనిపించినవాటిలో కూడా ఒక్క చూపుకి పట్టుబడేవి మూడో నాలుగో. విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1871లోనే దీన్ని తన మీద తనే పరీక్షించుకున్నాడు. గింజలు విసరడం, పెట్టెలో ఎన్ని పడ్డాయో చూసీ చూడగానే చెప్పెయ్యడం, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకోవడం, ఇదే పని వెయ్యిసార్లకు పైగా చేశాడు, ఆ ఓపికకు దండం పెట్టాలి. మూడు, నాలుగు గింజలప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి, అక్కణ్ణుంచి పెరుగుతూ పోయాయి.

మరి నాలుగింటికే చేతులెత్తేసే బుర్ర, చెట్టు నిండా ఆకులున్నా రోడ్డు నిండా జనమున్నా కంగారుపడకుండా ఎలా నెట్టుకొస్తోంది? విడివిడిగా చూడలేనిదాన్ని గుత్తగా చూస్తోంది, అదీ కిటుకు.

దీన్ని బాగా బయటపెట్టిన ప్రయోగం డాన్ ఆరియలీ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించాడు. తెర మీద రకరకాల సైజుల్లో కొన్ని వృత్తాలు అర సెకను పాటు కనిపించి మాయమవుతాయి. ఆ తర్వాత ఒకే ఒక్క వృత్తం చూపించి, ఇది ఇందాకటి గుంపులో ఉందా లేదా అని అడిగితే జనం దాదాపు బొమ్మాబొరుసూ వేసినట్టే చెప్పారు. అదే వృత్తం చూపించి, ఇందాకటి గుంపు సగటు కంటే ఇది పెద్దదా చిన్నదా అంటే మాత్రం తేడా కొద్దిపాటిదైనా సరిగ్గా చెప్పేశారు. ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి, ఎందుకంటే ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ మింగుడుపడదు. బళ్లో మనకు నేర్పిన పద్ధతిలో సగటు కావాలంటే ముందు ఒక్కో అంకె తెలియాలి, కూడాలి, భాగించాలి. ఇక్కడేమో అంకెలు ఒక్కటీ గుర్తు లేవు, జవాబు మాత్రం చేతిలో ఉంది! గుంపులో నాలుగు వృత్తాలున్నా పదహారు ఉన్నా పనితనం పెద్దగా తగ్గలేదు. రెండేళ్ల తర్వాత చాంగ్, ట్రీజ్మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకా గట్టిగా బిగించి చూశారు, సెకనులో ఇరవయ్యో వంతు, అంటే 50 మిల్లీసెకన్లు చూపించినా సగటు అందింది.

కారణం వెతికితే గణితంలో దొరుకుతుంది. ఒక్కో వస్తువును మనం కొలిచే కొలత తప్పుల తడకే, కానీ ఒకదాంట్లో తప్పు ఎక్కువ వైపుకు పోతే ఇంకోదాంట్లో తక్కువ వైపుకు పోతుంది, కలిపేసరికి చాలావరకు కొట్టుకుపోతాయి. అందుకే పనికిరాని పది కొలతల నుంచి పనికొచ్చే ఒక సగటు పుడుతుంది.

ఇదేదో మనం కావాలని చేసే పని కూడా కాదు. అదే 2001లో పార్క్స్, మోర్గన్ బృందం చూపు అంచులో చిన్న చారల బిళ్లలు దగ్గరదగ్గరగా పెట్టింది. అంత ఇరుకులో మధ్య బిళ్ల మీది చారలు ఎటు వాలాయో ఎంత ప్రయత్నించినా చెప్పలేరు. కానీ మొత్తం బిళ్లల సగటు వాలు చెప్పగలిగారు, ఆ సగటులో తాము చూడలేకపోయిన బిళ్ల వాటా కూడా ఉంది. అంటే సమాచారం లోపలికి వచ్చింది, విడిగా మనకు అందలేదు, అంతే. వద్దన్నా బుర్ర కలిపేస్తుంది.

ధ్యాస పెట్టనిచోట ఏమవుతుందన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. అల్వారెజ్, ఒలీవా 2008లో తెర మీద కదిలే చుక్కల్లో కొన్నిటిని మాత్రమే వెంబడించమన్నారు. ఉన్నట్టుండి కొన్ని చుక్కలు మాయం. పట్టించుకోనివాటిలో ఫలానా ఒకటి ఎక్కడుండేదో చూపించమంటే తెల్లమొహం వేశారు, వాటన్నిటి మధ్యబిందువు ఎక్కడంటే బాగానే చూపించారు. ధ్యాస లేనిచోట చూపు పూర్తిగా ఆరిపోదన్నమాట, వివరం పోయి సారం మిగులుతుంది. నా మటుకు నాకు, ఇందాక హాలు మసగ్గా ఎందుకు అనిపించలేదన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

అయితే అందరూ దీన్ని ఒప్పుకోలేదు. సైమన్స్, మిచెక్ 2008లో సూటిగా ఒక పుల్ల వేశారు: మొత్తం గుంపును సగటు చేస్తున్నారని ఎందుకనుకోవాలి, ఏ రెండు మూడు వృత్తాలో చూసి అంచనా కట్టినా ఇన్ని మార్కులు వస్తాయి కదా అని. మంచి ప్రశ్న, లెక్కలు వేస్తే చాలా ప్రయోగాల్లో అది నిజమే. అందరూ అన్నిటినీ సమానంగా కలుపుతారని నేనూ నమ్మను. కానీ చూపుకు అందని బిళ్ల కూడా సగటులోకి చేరిందంటే, రెండు మూడు ఏరుకోవడం ఒక్కటే కథ కాదని నా అభిప్రాయం.

సైజులు, వాలులతో ఆగితే ఇది ల్యాబు ముచ్చటగానే ఉండిపోయేది. హేబర్మన్, విట్నీ 2007లో ముఖాల గుంపు చూపించి, సగటున ఎంత సంతోషంగా ఉన్నారో జనం ఇట్టే చెప్పగలరని చూపించారు, ఆ గుంపులో ఏ ముఖం ఉందో గుర్తుపట్టలేకపోయినా సరే. ఇక్కడే జాగ్రత్తపడాల్సిన సంగతి కూడా ఉంది. గోల్డెన్‌బర్గ్, మరి కొందరు 2021లో గమనించిందేమిటంటే, ముఖాల గుంపులో భావం ఎంత ఉందో అంతకంటే ఎక్కువే ఉందని మనం అంచనా వేస్తాం, ముఖాలు పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. కళ్ల కదలికలు చూస్తే కారణం దొరికింది. కోపంతో భగ్గుమనే ముఖం దగ్గర చూపు ఎక్కువసేపు ఆగిపోతుంది, దాని వాటా పెరిగిపోతుంది. ఎక్కువసేపు చూస్తే అంచనా సర్దుకుంటుందిలే అనుకుంటాం కదా, అక్కడ ఉల్టా జరిగింది, చూసేకొద్దీ అతి ఇంకా ముదిరింది. స్టేజీ మీద నిలబడేవాళ్లకు టెన్షన్ ఎందుకొస్తుందో నాకు ఇది చదివాక కొంత అర్థమైంది, ఒకరిద్దరు మొహం చిట్లిస్తే హాలు హాలంతా చిరాకుపడుతున్నట్టే ఉంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి. సైమన్స్ పక్షం వాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకే మైకు ఇద్దాం.