అక్వేరియం మూతకు గాలి దారి: రెండు చిన్న ఫ్యాన్ల రివ్యూ

ముందు ఈ దృశ్యం చూడండి. మూడు వారాల కిందట తీశాను. లైట్లు వేసి అప్పటికి ఎనిమిది గంటలైంది. మూత మీద, సరిగ్గా ట్యూబు ఉన్నచోట, అరచెయ్యి పెట్టాను. ఎక్కువసేపు ఉంచలేకపోయాను. మూత ఎత్తగానే కళ్లద్దాలు మసకబారాయి. ఇప్పుడు మూత అడుగు భాగం చూడండి, వరసగా నీటి బొట్లు. అదిగో, ఒకటి జారి మళ్లీ తొట్టెలో పడింది. ఆ బొట్టును గుర్తు పెట్టుకోండి. దానితో చాలా పని ఉంది.

నమస్కారం. ఈ రోజు రివ్యూ అక్వేరియం మూతకు బిగించే రెండు ఫ్యాన్ల సెట్టుది. ఒక్కో ఫ్యాను 80 మిల్లీమీటర్లు, 12 వోల్టుల మీద నడుస్తుంది. వెంట ఒక ఎడాప్టరు, వేగం తగ్గించే చిన్న మీట ఇచ్చారు. కంప్యూటర్ పెట్టెలో తిరిగే ఫ్యాన్లూ ఇలాంటివే. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ సెట్టు ఎవరు చేసినదైనా, దాన్ని ఎక్కడ పెట్టాం, ఏ వైపు తిప్పి బిగించాం అన్నదాని మీదే ఫలితమంతా ఉంటుంది.

నా తొట్టె 100 లీటర్లది. మూత పాత రకం, నల్ల ప్లాస్టిక్‌ది. లోపల 18 వాట్ల ట్యూబులు రెండు, వాటి చోకులూ అందులోనే. అన్నీ కలిపి దాదాపు 50 వాట్లు అనుకోండి. పది గంటలు వెలిగితే 1,800 కిలోజౌళ్ల వేడి. 100 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 420 కిలోజౌళ్లు చాలు. అంటే ఈ వేడంతా నీళ్లలోకే దిగితే ఒక్క రోజులో నాలుగు డిగ్రీలు పెరగాలి. అదృష్టవశాత్తూ అంతా దిగదు, అద్దాల గుండా కొంత బయటికి పోతుంది. నా థర్మామీటరులో ఉదయం లైట్లు వేయకముందు 27 డిగ్రీలు, రాత్రి ఆర్పే ముందు 29.5 ఉండేది. రోజూ ఇదే వరస.

రెండున్నర డిగ్రీలకు ఇంత కంగారు ఎందుకని అడగవచ్చు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు గరిష్ఠంగా 8.3 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. అదే సమయంలో చేప శరీరం వేగంగా పనిచేస్తూ మామూలుకన్నా ఎక్కువ ఆక్సిజన్ కోరుతుంది. అవసరం పెరిగిన వేళకే సరఫరా తగ్గుతుందన్నమాట. సాయంత్రం నా చేపలు పైకి చేరి మొప్పలు గబగబా ఆడిస్తుంటే చాలా రోజులు మేత కోసం వచ్చాయనుకున్నాను. అది ఊపిరి కోసమని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మూత కాస్త తెరిచి పెట్టండి, సరిపోతుంది" అని చాలామంది సలహా ఇస్తారు. నేనూ అదే చేశాను. నాలుగో రోజు ఉదయం ఒక హ్యాచెట్ చేప తొట్టె వెనక నేల మీద ఎండిపోయి కనిపించింది. అవి నీటి పైన పురుగుల కోసం ఎగిరే జాతి. రెండు వేళ్ల సందు వాటికి తలుపుతో సమానం. అందుకే తెరిచిన మూతను నేను ఎవరికీ సిఫారసు చేయను. గాలి ఆడాలి, చేప దాటకూడదు. ఈ రెండూ కుదిరిన ఏర్పాటునే మంచిదంటాను.

ఇక పరీక్షకు వద్దాం. మొదటి వారం ఫ్యాన్లు పెట్టలేదు. మూత వెనక గోడలో ఎడమ చివర బాగా పైన ఒక రంధ్రం, కుడి చివర కింద ఒక రంధ్రం కోసి, రెంటికీ సన్నని ప్లాస్టిక్ జాలీ అంటించాను. వేడి గాలి పైకి పోతుంది, దాని చోటులోకి చల్లగాలి కింది నుంచి వస్తుంది. రెండూ ఒకే ఎత్తులో కోస్తే ఈ ప్రవాహం బలంగా ఉండదు. రాత్రి రీడింగు 29కి దిగింది. అర డిగ్రీయే, కానీ ఫ్యాను లేకుండా వచ్చిన అర డిగ్రీ.

రెండో వారం రెండు ఫ్యాన్లూ బిగించాను, రెండూ లోపలి గాలిని బయటికి లాగేలా. మూత చల్లబడింది, చెయ్యి పెట్టి ఉంచగలిగాను. నీళ్లు మాత్రం 28.4 దగ్గరే ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే నిరాశపడ్డాను.

మూడో వారం ఒక ఫ్యాను తిప్పి బిగించాను. కుడి చివరది గది గాలిని లోపలికి తెచ్చి, నీటి పైభాగాన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోయేలా. ఎడమ చివరది అదే గాలిని బయటికి లాగేస్తుంది. ఆ వారమంతా రాత్రి రీడింగు 27.4 దాటలేదు. ఉదయం 26.8. గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాసుకుంటూ వచ్చాను, మూడు వారాల్లో అది పెద్దగా మారలేదు.

అవే ఫ్యాన్లతో ఇంత తేడా ఎలా వచ్చింది? మొదట చూసిన ఆ బొట్టు దగ్గరికి వెళ్దాం. తడిచేతి మీద ఊదితే చల్లగా ఉంటుంది కదా. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తనతో పట్టుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు పోతాయి. నా లైట్లు రోజంతా పుట్టించే వేడి 1,800. అంటే ముప్పావు లీటరు నీరు ఆవిరై బయటికి వెళ్లగలిగితే లెక్క సరిపోతుంది. కానీ మూసిన మూత కింద ఆ ఆవిరి ఎక్కడికీ పోలేదు. మూతకు తగిలి, మోసుకొచ్చిన వేడిని అక్కడే వదిలేసి, బొట్టుగా మారి తిరిగి తొట్టెలో పడుతుంది. చల్లబరచవలసిన నీరు అక్కడక్కడే తిరుగుతుంటుంది. అందుకే నా తొట్టెలో తప్పు లైట్లది కన్నా మూతది ఎక్కువ అంటాను. ఇప్పుడు మూత అడుగు చూడండి, పొడిగా ఉంది.

ఆవిరి పోతోందంటే నీటి మట్టం తగ్గుతుంది. నాకు రోజుకు ముప్పావు లీటరుకు కాస్త తక్కువ పోతోంది. దీన్ని కుళాయి నీటితో నింపవద్దు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. కుళాయి నీటితో నింపుతూ పోతే కాఠిన్యం రోజురోజుకూ పెరుగుతుంది. ఆర్వో నీళ్లు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోయండి. వారం వారం కొంత నీరు మార్చే పని ఎప్పటిలాగే సాగాలి. ఉప్పునీటి తొట్టె ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం, రెండు రోజులు మరిచిపోయినా ఉప్పు సాంద్రతలో తేడా కనిపిస్తుంది.

సెట్టులో నచ్చనివి కూడా చెప్పాలి. పూర్తి వేగంలో సన్నని రొద వస్తుంది, పడకగదిలో భరించడం కష్టం. సగానికి తగ్గిస్తే పెద్దగా వినిపించదు. ఇచ్చిన స్క్రూలు మామూలు ఇనుమువి, రెండు వారాలకే రెండింటి తలల మీద తుప్పు మొదలైంది. వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను. తీగ పొడవు కూడా తక్కువ. తీగ ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉండాలి, అప్పుడే తీగ వెంబడి జారిన నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది, ప్లగ్గులోకి వెళ్లదు. ఎడాప్టరును తొట్టె పైన మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ ఫ్యాన్లు అంతగా పనిచేయవు. తలుపులు, కిటికీలు మూసిన చిన్న గదిలో గాలి తానే తడిగా అయిపోతుంది. కిటికీ తెరవండి. హీటరు ఉంటే అది ఆగే ఉష్ణోగ్రతకూ మీరు ఫ్యాను వేసే ఉష్ణోగ్రతకూ మధ్య కనీసం రెండు డిగ్రీల ఎడం ఉంచండి. లేదంటే ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ రెండూ రాత్రంతా నడుస్తాయి.

మూత కోయడం గురించి ఒక్క మాట. తొట్టె మీద ఉంచి కోయవద్దు, ప్లగ్గు తీసి, విప్పి, దూరంగా తీసుకెళ్లి కోయండి. అక్రిలిక్ అయితే గీత మీద టేపు అంటించి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి, తొందరపడితే పగులుతుంది. గట్టిపరచిన (టఫెన్డ్) గాజు మూతకు అసలు రంధ్రం పెట్టకండి, మొత్తం ముక్కలవుతుంది. అంచులను ఆకురాయితో నునుపు చేసి, పొడి పూర్తిగా కడిగాకే తిరిగి పెట్టండి.

ఎల్ఈడీ లైటు వాడేవారికి ఈ సెట్టు అవసరం రాకపోవచ్చు. దాని వేడిలో ఎక్కువ భాగం వెనక ఉన్న లోహపు రేకుల గుండా బయటికి వస్తుంది. లైటును కాళ్ల మీద నిలిపి మూతకు నాలుగు వేళ్లు ఎత్తున ఉంచితే ఆ వేడి గదిలోకే పోతుంది. ట్యూబులవారు చోకును మూత బయటికి మార్పించగలిగితే ఫ్యాను కొనే ముందు ఆ పని చేయించండి. నా మూతలో చోకు చట్రంతో కలిసిపోయి ఉంది, విడదీయడం కుదరలేదు. బెట్టా, గౌరామీ లాంటి చేపలు పైకి వచ్చి గాలి మింగుతాయి. వాటి మీదికి చల్లగాలి సూటిగా కొట్టించడం నాకు ఇష్టం లేదు. అలాంటి తొట్టెకు లోపలికి ఊదే ఫ్యాను వద్దు, బయటికి లాగేది ఒక్కటి నెమ్మదిగా తిరిగితే చాలు.

మీ తొట్టె మూత లోపల ట్యూబులు పెట్టి మూసిన రకమైతే, ఈ సెట్టు కొనమని నిస్సంకోచంగా చెబుతాను. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, రెంటికీ జాలీ.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. థర్మామీటరు దగ్గరగా చూపిస్తున్నాను, 27.3. హ్యాచెట్ చేపలు పైనే ఉన్నాయి, అది వాటి సహజమైన చోటు, కానీ మొప్పలు చూడండి, ఎంత నిదానంగా ఆడుతున్నాయో. లైట్లు ఆర్పుతున్నాను. ఫ్యాన్లను ఇంకో అరగంట నడవనిచ్చి ఆపేస్తాను.