వేలంలో వీణ కొనేముందు: అమ్మకందారును పరిశీలించిన తీరు

నమస్కారం అండీ. ఈరోజు వీడియో అంతా ఒకే విషయం గురించి. ఆన్‌లైన్ వేలంలో ఒక వస్తువు మనకు నచ్చినప్పుడు, దాన్ని అమ్ముతున్న వ్యక్తి నమ్మదగినవారో కాదో డబ్బు కట్టకముందే ఎలా తేల్చుకోవాలో, ఈ మధ్య నేను చేసిన పరిశీలనను ఆసాంతం మీ ముందు పెడుతున్నాను.

మా అమ్మాయి ఇక్కడ డాలస్‌లో వీణ నేర్చుకుంటోంది. ఇన్నాళ్ళూ టీచరుగారి వీణ మీదే సాధన చేసింది, ఇక సొంత వీణ కావాలి. ఇండియా నుంచి కొత్తది తెప్పించుకుంటే వీణ ఖరీదుకు తోడు విమానంలో పంపే ఖర్చు కూడా గట్టిగానే పడుతుంది కాబట్టి, అమెరికాలోనే ఎవరైనా వాడిన వీణ అమ్ముతున్నారేమోనని ఈబేలో వెతకడం మొదలుపెట్టాను. అక్కడ ‘బొబ్బిలి ఏకాండి వీణ’ అనే పేరుతో ఒక వేలం కనిపించింది. ఏకాండి వీణ అంటే కుండనూ (నాదం పుట్టే గుండ్రని భాగం) దండినీ (తీగలు సాగే పొడవాటి భాగం) విడివిడిగా చేసి అతకకుండా, ఒకే పనస మొద్దును తొలిచి తయారుచేసిన వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఈ పని తరతరాలుగా సాగుతోంది. అలాంటి వీణ 400 డాలర్ల దగ్గర పాట నడుస్తూ కనిపిస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. అయితే ఈబేలో పాట పాడి గెలిచామంటే కొంటామని మాట ఇచ్చినట్టే లెక్క కనుక, విచారించుకోవలసినదంతా పాడకముందే విచారించుకోవాలి.

నేను మొదట చూసింది ఫీడ్‌బ్యాక్. పియర్ ఒమిడ్యార్ 1995లో ఈ వేలాల సైటును ప్రారంభించినప్పుడు, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు నమ్మి డబ్బు పంపుకోవడానికి ఏదో ఒక ఆధారం అవసరమైంది. అందుకని 1996లోనే ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టారు. ఇప్పటికీ చాలామంది అమ్మకందారు పేరు పక్కనున్న అంకెనూ, శాతాన్నీ చూసి తృప్తిపడిపోతారు. ఆ అంకె మీద నొక్కి లోపలికి వెళ్తే తప్ప అసలు సంగతి తెలియదు. ఆ వ్యక్తి అమ్మినప్పుడు వచ్చిన అభిప్రాయాలూ, కొన్నప్పుడు వచ్చిన అభిప్రాయాలూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయి ఉంటాయి. 2008 నుంచి ఈబేలో అమ్మినవారు కొన్నవారికి చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి వీల్లేదు. అందువల్ల కొనుగోలుదారుగా సంపాదించిన మెప్పు ఎవరికైనా మంచిగానే కనిపిస్తుంది, దాన్నిబట్టి ఆ మనిషి సరుకు సరిగ్గా పంపుతాడో లేదో చెప్పలేము. అమ్మకందారుగా వచ్చినవాటిని విడదీసి చూసే వీలు ఆ పేజీలోనే ఉంది. పైన కనిపించే శాతం గత పన్నెండు నెలల అభిప్రాయాలను బట్టి లెక్కకట్టినదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

ఈ వీణ అమ్ముతున్న ఖాతాలో శాతం నూటికి నూరు ఉంది, ఖాతా కూడా చాలా పాతది. విడదీసి చూస్తే మెప్పులో అధికభాగం ఫోన్ కవర్లూ, చార్జర్లూ కొన్నందుకు వచ్చినవే. అమ్మినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని, అవీ చవక వస్తువులు. ఆ తర్వాత చాలాకాలం పాటు ఏ లావాదేవీ లేదు. ఇప్పుడు ఒకేసారి ఒక వీణ, ఖరీదైన కెమెరా లెన్సు, చేతిగడియారం, ట్రాక్టరు భాగాలు వేలానికి వచ్చాయి. ఒక ఇంట్లో ఇవన్నీ ఉండకూడదని నేను అనడం లేదు. అయితే నిజాయితీపరుల పాత ఖాతాల పాస్‌వర్డులు దొంగిలించి, ఆ మంచిపేరును అడ్డుపెట్టుకుని దొంగలు అమ్మకాలు సాగించడం ఎప్పటినుంచో ఉన్నదే. ఫీడ్‌బ్యాక్ ఆ ఖాతా గతాన్ని చెబుతుంది, ఈరోజు ఆ ఖాతాను ఎవరు నడుపుతున్నారో చెప్పదు. అందుకే ఎన్నేళ్ళ ఖాతా అన్నదానికంటే, ఇంతకుముందు అమ్మినవాటికీ ఇప్పుడు అమ్ముతున్నవాటికీ పొంతన ఉందా లేదా అన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తర్వాత ఫోటోలు చూశాను. ప్రతి ఫోటోనూ గూగుల్ లెన్స్‌లో వేసి వెతికితే ఏమీ దొరకలేదు. కానీ ఒక ఫోటోను పెద్దది చేసి చూస్తున్నప్పుడు, దండి మీద తీగల అమరిక నా కంటికి ఇబ్బందిగా తోచింది. వీణకు మెట్ల (దండి మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) మీదుగా నాలుగు తీగలు వెళ్తాయి, తాళం వేసే మూడు తీగలు దండికి ఒక పక్కన ఉంటాయి. టీచరుగారి వీణ ఫోటో పక్కన పెట్టి పోల్చి చూస్తే, ఈ లిస్టింగులో తాళపు తీగలు అవతలి పక్కన ఉన్నాయి. అంటే ఎవరిదో ఫోటో తీసుకుని కుడిఎడమలు తిరగేసి పెట్టారన్నమాట. ఇలా తిరగేస్తే ఫోటోలు వెతికే పరికరాలు చాలాసార్లు అసలుదాన్ని పట్టుకోలేవు. నేను ఫోన్‌లో దాన్ని మళ్ళీ సరిగ్గా తిప్పి వెతికాను. అదే వీణ, అదే నేపథ్యం, కుండ మీద అదే గీత, ఇండియాలో వాయిద్యాలు అమ్మే ఒక దుకాణం పేజీలో కనిపించాయి. మీరు కొనేది వీణ కాకపోయినా ఈ పద్ధతి పనికొస్తుంది. గడియారం ముఖం మీది అంకెలు, కెమెరా మీది అక్షరాలు, చొక్కా గుండీలు ఏ పక్కన ఉన్నాయో చూస్తే తిరగేసిన ఫోటో తెలిసిపోతుంది.

అంతటితో వదిలేయవచ్చు. అయినా అవతలివాళ్ళు ఏమంటారో మీకు కూడా చూపించాలని, కుండ వెనకవైపు ఫోటో ఒకటి పంపమని ఈబే సందేశాల ద్వారానే అడిగాను. ఫోటో రాలేదు, ఈ మాటలు వచ్చాయి: “అక్కా, మనం మనం తెలుగువాళ్ళం. మధ్యలో వాళ్ళకు కమీషన్ ఎందుకు ఇవ్వాలి? వేలం ఆపేసి మీకే ఇచ్చేస్తాను. జెల్‌లో పంపించండి, యాభై డాలర్లు తగ్గిస్తాను.” ఈ ఒక్క సందేశంలో ప్రమాదం మొత్తం ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి.

అమెరికాలో మన తెలుగువాళ్ళ మధ్య జెల్ (Zelle, ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ) వాడకం చాలా మామూలు. ఇంటి అద్దెలో వాటా, పిల్లల డ్యాన్సు ఫీజు, పికెల్స్ ఆర్డరు, గుడిలో అన్నదానానికి చందా, అన్నీ దాంట్లోనే పంపుకుంటాము. అందువల్ల జెల్‌లో పంపమని ఎవరైనా అంటే మనకు వింతగా అనిపించదు. కానీ జెల్ తెలిసినవాళ్ళకు పంపుకోవడానికి ఏర్పడినది, కొనుగోలు రక్షణ అందులో లేదు. మన చేతులతో మనమే నొక్కి పంపిన డబ్బును, సరుకు రాలేదన్న కారణంతో బ్యాంకు వెనక్కి ఇప్పించడం చాలా కష్టం. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపినా అంతే. ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ కింద కడితే 180 రోజుల్లోగా ఫిర్యాదు చేసే హక్కు ఉంటుంది. ఇక వైర్ బదిలీ, గిఫ్ట్ కార్డు అన్న మాట వినిపిస్తే సంభాషణ అక్కడితో ముగించండి. గిఫ్ట్ కార్డు వెనక ఉన్న అంకెలు అడిగే నిజమైన అమ్మకందారు ఎవరూ ఉండరు.

ఇంకొకటి, నాకు ఎక్కువ బాధ కలిగించేది, మన మొహమాటం. అవతలి మనిషి అక్కా అన్నాక, మన ఊరు అన్నాక, ఋజువు అడగడం అమర్యాద అనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఇల్లు మారుతూ సామాన్లు అమ్ముతున్నామని వచ్చే పోస్టుల దగ్గర కూడా ఇదే జరుగుతోంది. తెలుగు పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, తెలుగులో సందేశం ఎవరైనా రాయించుకోవచ్చు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు నిజమైన అమ్మకందారు నొచ్చుకోరు, వాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట కొనుగోలుదారులే. ఆ లిస్టింగును నేను ఈబేకు రిపోర్ట్ చేశాను. సైటు బయట అమ్ముతామని అడగడమే అక్కడి నియమాలకు విరుద్ధం, పైగా బయట జరిగిన లావాదేవీకి వాళ్ళ రక్షణ ఏదీ వర్తించదు.

వేలంలో ఓడిపోయిన తర్వాత వచ్చే మోసం కూడా ఒకటుంది. గెలిచినవారు తప్పుకున్నారు, మీ ధరకే మీకు ఇస్తామంటూ ఒక ఈమెయిల్ వస్తుంది. ఈబేలో ‘సెకండ్ ఛాన్స్ ఆఫర్’ అనేది నిజంగానే ఉంది, కాబట్టే నమ్మేస్తాము. నిజమైనది అయితే మన ఈబే ఖాతాలోని సందేశాల్లో కూడా కనిపించి తీరుతుంది. ఈమెయిల్‌లోని లింకు నొక్కకుండా, సైటు చిరునామా మనమే టైపు చేసి ఖాతాలోకి వెళ్ళి చూడాలి. ఖరీదైన వస్తువుల విషయంలో డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచుదామంటూ ఎస్క్రో సంస్థ పేరు కూడా మోసగాళ్ళే చెబుతారు. ఎస్క్రో పద్ధతి మంచిదే, ఆ సంస్థను మాత్రం అమ్మకందారు ఎంచకూడదు. ఐకాన్ (ICANN, ఇంటర్నెట్ సైట్ల పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) వారి లుకప్ పేజీలో ఆ సైటు పేరు వేస్తే ఎప్పుడు నమోదైందో కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సేవ చేస్తున్నామని చెప్పుకునే సంస్థ సైటు నిరుడో మొన్ననో పుట్టి ఉంటే ఇక విచారించడానికి ఏమీ మిగలదు.

అమెరికాలో 2023 జూన్ 27 నుంచి ఇన్‌ఫార్మ్ కన్స్యూమర్స్ యాక్ట్ అమల్లో ఉంది. పన్నెండు నెలల వ్యవధిలో కొత్త సరుకు 200 లేదా అంతకుమించి అమ్మి, 5,000 డాలర్లకు తగ్గని రాబడి పొందిన వ్యాపారుల బ్యాంకు ఖాతా, పన్ను గుర్తింపు, సంప్రదించే వివరాలను సైట్లు సేకరించి సరిచూడాలి. ఏడాదికి 20,000 డాలర్లు, ఆపైన అమ్మేవారైతే పేరు, సంప్రదించే వివరాలు కొనేవారికి తెలియజేయాలి. పెద్ద వ్యాపారి దగ్గర కొంటే ఆ వివరాలు తప్పక చూడండి. అయితే ఇంట్లో ఉన్న ఒక్క పాత వీణను అమ్ముకునే వ్యక్తి ఈ చట్టం పరిధిలోకి రారు కనుక, నాలాంటి కొనుగోలులో పరిశీలన భారం మన మీదే ఉంటుంది.

కొన్నాళ్ళకు న్యూజెర్సీ నుంచి మరో వీణ వేలానికి వచ్చింది. అమ్ముతున్న ఆవిడ ఏళ్ళుగా పిల్లల పుస్తకాలూ, వంటసామాన్లూ, పట్టుచీరలూ అమ్ముతూ వచ్చారు. కొన్నవాళ్ళ మాటల్లో వస్తువు పేరు, ప్యాకింగు తీరు, ఆలస్యమైతే ఆ సంగతి కూడా ఉన్నాయి. ‘గుడ్ సెల్లర్’ అన్న రెండు ముక్కలు వందసార్లు కనిపించడం కంటే ఇలాంటివి కొన్ని కనిపించినా నాకు ధైర్యం కలుగుతుంది. కుండ పక్కన ఆరోజు తేదీ రాసిన కాగితం పెట్టి ఫోటో తీయమనీ, కుండకూ దండికీ మధ్య అతుకు ఉంటే దగ్గరగా చూపించమనీ, ఎలా ప్యాక్ చేస్తారో చెప్పమనీ అడిగాను. సాయంత్రానికల్లా ఫోటోలు వచ్చాయి. అతుకు స్పష్టంగా ఉంది. ఇది ఏకాండి కాదని ఆవిడే రాశారు, రెండు మెట్ల కింద మైనం వదులైందని కూడా నేను అడగకుండానే చెప్పారు. దండి రెండో చివర ఉండే సొరకాయ బుర్రను విప్పి విడిగా చుట్టి, తీగలు బిగించే బిరడాలు కదలకుండా కట్టి పంపుతానన్నారు. వీణను నిజంగా ఇంట్లో ఉంచుకున్నవారికి తప్ప ఈ సంగతులు తోచవు. తీగల పక్కన ఉన్న తెల్లని పట్టీ ఏనుగు దంతమా అని కూడా అడిగాను, ప్లాస్టిక్ అన్నారు. పాత వీణలు చూసేవారు ఇది తప్పక అడగండి, ఈబేలో ఏనుగు దంతం అమ్మకం 2009 నుంచి నిషిద్ధం.

పాటలో వీణ నాకే వచ్చింది. డబ్బు సైటులోనే, క్రెడిట్ కార్డుతో కట్టాను. సరుకు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా, చేరిన రోజు నుంచి, రాకపోతే చేరవలసిన చివరి తేదీ నుంచి, 30 రోజుల్లోగా ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ కింద అడగవచ్చు. అమ్మకందారు మూడు పనిదినాల్లో పరిష్కరించకపోతే ఈబేను కలగజేసుకోమనవచ్చు. వాహనాలకు ఈ గ్యారంటీ వర్తించదని మరచిపోకండి. దానికి తోడు 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ ప్రకారం, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా కార్డు సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే హక్కు కూడా ఉంది. డెబిట్ కార్డుకు ఈ చట్టం లేదు, అందుకే ఇలాంటి కొనుగోళ్ళకు నేను దాన్ని బయటికి తీయను.

ట్రాకింగ్ నంబరు వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. మన జిప్ కోడ్‌లోనే వేరే ఇంటికి ఏదో చిన్న కవరు పంపి, ‘డెలివర్డ్’ అని చూపించే మోసగాళ్ళు ఉన్నారు. అలా జరిగితే దగ్గరలోని పోస్టాఫీసుకు వెళ్ళి ఆ నంబరు మన చిరునామాకే చేరిందో లేదో, ఎంత బరువుందో అడిగి, ఆ సమాచారాన్ని ఫిర్యాదుకు జతచేయండి. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు ముందు బ్యాంకుకు ఫోన్ చేసి, తర్వాత ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వారి రిపోర్ట్‌ఫ్రాడ్ సైటులోనూ, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. ఇండియా నుంచి చూస్తున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పెట్టె విప్పుతున్నంతసేపూ వీడియో తీశాను, అది ఇప్పుడు మీకు తెర మీద కనిపిస్తోంది. ఆ వారమే వీణను టీచరుగారి దగ్గరికి తీసుకువెళ్ళి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూపించి, శ్రుతి చేయించాను. వదులైన మెట్లు రెండే, ఆవిడ చెప్పినవే. ఫీడ్‌బ్యాక్‌లో వీణ అని పేరుపెట్టి, బుర్రను విడిగా ఎలా చుట్టి పంపారో, లోపాన్ని ముందుగానే ఎలా చెప్పారో అంతా రాశాను.