ప్యూరిఫయర్ కొన్నారు సరే, నడుపుతున్నారా?

అధ్యక్షులకూ, సభకూ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. ‘ఎయిర్ ప్యూరిఫయర్లు - గుండె, ఊపిరితిత్తులు’ అని అంశం ఇచ్చారు. గుండె సంగతి ముందే చెప్పేస్తాను. నా గొడవ వేరే ఉంది.

పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నని నలుసులు. ముక్కు, గొంతు వీటిని సరిగా ఆపలేవు. గాలితిత్తుల దాకా పోయి అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు రసాయనాలు రక్తంలో కలిసి రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. 2015లో అచ్చయిన షాంఘై పరిశోధనలో 35 మంది విద్యార్థుల గదుల్లో 48 గంటలపాటు ప్యూరిఫయర్లు పెట్టారు. పీఎం 2.5 సగానికి పైగా తగ్గింది, పై బీపీ 2.7 శాతం తగ్గింది. పడుచు పిల్లల్లో, రెండు రోజుల్లో వచ్చిన తేడా అది. గుండెపోట్లు తగ్గుతాయని దాన్నిబట్టి చెప్పేయకూడదు.

ఊపిరితిత్తుల మాటకొస్తే, సీఓపీడీ, అంటే గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు జబ్బు ఉన్నవాళ్ల మీద అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరు నెలల పరీక్ష జరిగింది. సగం మందికి ఫిల్టరు లేని ఉత్త డబ్బా ఇచ్చారు. ప్రధానంగా కొలిచిన జీవన నాణ్యత స్కోరులో తేడా తేలలేదు. లక్షణాలు మాత్రం తగ్గాయి, జబ్బు ఉన్నట్టుండి ముదరడమూ తగ్గింది. 80 శాతం సమయం నడిపినవాళ్లకు మేలు ఎక్కువ జరిగింది. ఎనభై! వెనక వరుసలకు వినిపించిందా?

ఇదే నా గొడవ. రాత్రి చప్పుడని ఆపేస్తారు. చప్పుడెందుకు? గదికి చాలని యంత్రం కొంటారు కనుక! పెట్టె మీద సీఏడీఆర్ అనే అంకె ఉంటుంది, అది ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే లెక్క. పది అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తున్న గది 1,200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలంతా శుభ్రపడాలంటే 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ కావాలి. సరిగ్గా 170ది కొంటే? ఆ అంకె పూర్తి వేగానిది, హోరెత్తించే వేగానిది. నడి వేగంలోనే 170 రావాలంటే 300 పైబడినది కొనండి. చెవులకూ సుఖం, ఊపిరికీ సుఖం.

ఆటో మోడ్‌నూ నమ్మకండి. సెన్సరు యంత్రంలోనే ఉంటుంది. తన పక్క గాలి శుభ్రపడగానే వేగం తగ్గించేస్తుంది, మీ దిండు దగ్గర నలుసులు అలాగే ఉంటాయి. నడి వేగంలో పెట్టి వదిలేయండి. గోడకు ఆనించకండి, పరదా వెనక దాచకండి. లోపల ఫిల్టరుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీయకుండా నెలల తరబడి నడిపేవాళ్లున్నారు. నవ్వకండి, ఇంటికెళ్లి మీదీ చూడండి!

సన్నని నలుసులను పట్టే ప్రధాన ఫిల్టరును హెపా అంటారు. దాన్ని కడగకూడదు. నీళ్లు తగిలితే దాని పోగులు పాడవుతాయి. ముందున్న జాలీని మాత్రం రెండు మూడు వారాలకోసారి దులపండి. ఫిల్టరు మార్చమని వెలిగే దీపం చాలా యంత్రాల్లో గంటలే లెక్కపెడుతుంది, మురికిని కొలవదు. పొగ ఎక్కువున్న చోట దానికంటే ముందే మార్చాలి. మార్చేటప్పుడు మాస్కు కట్టుకుని పాతదాన్ని సంచిలో మూటకట్టండి.

గాలిలోకి విద్యుదావేశమున్న కణాలను వదిలే అయనైజర్ బటను ఉంటే ఆపేయండి. కొన్నిటిలో అది ఓజోన్ అనే వాయువును పుట్టిస్తుంది. ఓజోన్ ఊపిరితిత్తులను మండిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ కీడు. ఇక వాయువులు. హెపా వాటిని పట్టదు. బొగ్గు పొర కొంత వాసన పీలుస్తుంది గానీ, పలచని జాలీకి అద్దిన బొగ్గు త్వరగా నిండిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను రెండూ పట్టవు. పొయ్యి పొగకు మందు ఎగ్జాస్ట్ ఫ్యానే. సిగరెట్‌ను గది బయటికి పంపడానికి యంత్రమే అక్కర్లేదు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ఒక్క మాట. ప్యూరిఫయర్ పెట్టాం కదా అని బీపీ మాత్రలు, ఇన్‌హేలర్లు ఆపొద్దు. తగ్గించాలో లేదో మీ డాక్టరు చెప్పాలి. ఇక ప్రశ్నలు అడగండి. మీ గది కొలతలు చెప్తే లెక్క ఇక్కడే కట్టేద్దాం.