కూర్చున్నా అలసిపోయే కండరాలు

అందరికీ నమస్కారం.

"రోజంతా కుర్చీలోనే ఉన్నాను, అయినా ఒళ్లు హూనమైపోయింది." కండరాలు బిగుసుకుపోయే స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు ఈ మాట అంటే ఇంట్లోవాళ్లకే నమ్మబుద్ధి కాదు. ఏ పనీ చేయకుండా అలసటేమిటని అడుగుతారు. నిజానికి కూర్చున్నది మనిషి, ఆయన కండరాలు కాదు.

ఒకసారి మోచెయ్యి మడిచి చూడండి. ముందువైపు కండరం బిగుస్తుంది, వెనకది వదులవుతుంది. ఆ వదులవడం ఊరికే జరగదు. వెనక కండరాన్ని నడిపే నాడీకణాన్ని వెన్నుపాములో మరో కణం ఆపాలి. అలా ఆపడానికి వాడే ముఖ్యమైన రసాయనాల్లో ఒకటి గాబా. దాన్ని తయారుచేసే ఎంజైమును క్లుప్తంగా గాడ్ అంటారు. ఈ జబ్బున్న చాలామంది రక్తంలో గాడ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు బాగా ఎక్కువగా ఉంటాయి. టైప్ 1 మధుమేహంలోనూ అవి కనిపిస్తాయి, కాకపోతే మామూలుగా చాలా తక్కువ స్థాయిలో. కాబట్టి రిపోర్టులో 'పాజిటివ్' అన్న ఒక్క మాట చూసి కంగారుపడకండి.

ఆపే వ్యవస్థ దెబ్బతింటే నడుములో, పొట్టలో ఎదురెదురు కండరాలు ఒకేసారి బిగుస్తాయి. కదలకుండా పడుకోబెట్టి సూదితో ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను చూసే) పరీక్ష చేసినా, నిశ్శబ్దంగా ఉండాల్సిన కండరంలో సంకేతాలు వస్తూనే ఉంటాయి. అలసట అక్కడే మొదలవుతుంది.

దీన్ని 'నరానికీ కండరానికీ కనెక్షన్ పోవడం' అనుకుంటారు. అది మయస్థీనియా గ్రావిస్ అనే వేరే జబ్బు సంగతి. అందులో సంకేతం కండరానికి సరిగా అందదు, బలం తగ్గుతుంది. ఇక్కడ కనెక్షన్ బాగానే ఉంది, పైనుంచి వచ్చే ఆజ్ఞే ఆగడం లేదు. ఇంకో జబ్బు ఐజాక్స్ సిండ్రోమ్‌లో తేడా నరంలోనే ఉంటుంది, అందుకే నిద్రలోనూ కండరాలు అదురుతుంటాయి. స్టిఫ్ పర్సన్‌లో నిద్ర పడితే బిగువు చాలావరకు సడలుతుంది.

1956లో మేయో క్లినిక్ వైద్యులు మోర్ష్, వోల్ట్‌మన్ 14 మంది రోగులను గమనించి ఈ జబ్బును వర్ణించారు. పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందని అంచనా. 2022లో గాయని సెలీన్ డియోన్ తనకుందని చెప్పాకే చాలామంది దీని పేరు విన్నారు.

రెండో అలసట మనసుది. హఠాత్తుగా హారన్ మోగినా, ఎవరైనా భుజం తట్టినా, టెన్షన్ పడినా ఒళ్లు కొయ్యబారి పడిపోవచ్చు. రోడ్డు దాటాలంటేనే భయం. దాన్ని ఉత్త మానసిక సమస్యగా కొట్టిపారేసిన సందర్భాలు ఎన్నో! కాచుకుని కాచుకుని బతికే మనిషి అలసిపోడూ?

ఇక మూడోది మందులది. డయాజిపామ్, బాక్లోఫెన్ గాబా చేయాల్సిన పనికి ఊతమిస్తాయి, బిగువు తగ్గిస్తాయి. మత్తూ తెస్తాయి. మాత్ర వేసుకున్న వేళ, నీరసం వచ్చిన వేళ రాసిపెట్టుకుంటే డోసు మార్చాలో లేదో డాక్టరు తేల్చుకోగలరు. మత్తుగా ఉందని డయాజిపామ్‌ను మాత్రం సొంతంగా మానేయకండి. ఒక్కసారిగా ఆపితే బిగువు విరుచుకుపడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.