అచ్చుకాని పిల్లల పేర్లు

నమస్కారం. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నేనొక పిల్లల పత్రికకి కథ పంపాను. తర్వాత రెండు నెలలు, పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, చేతిలో అన్నం ముద్దతోనే వీధిలోకి పరుగు. కథ రాలేదు, ఉత్తరమూ రాలేదు. అదంత గొప్ప కథేం కాదు లెండి, అమ్మమ్మ చెప్పిన కథలో నక్కని తీసేసి తోడేలుని పెట్టానంతే.

ఈమధ్య సెయింట్ నికొలస్ అనే పాత అమెరికా పత్రిక గురించి చదువుతుంటే ఆ బెల్లే గుర్తొచ్చింది. 1873 నవంబరులో న్యూయార్క్‌లో మొదలైన పిల్లల మాసపత్రిక అది. సంపాదకురాలు మేరీ మేప్స్ డాడ్జ్, భర్త పోయాక ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ రచనలోకి దిగిన మనిషి. పెద్దల పత్రికకి నీళ్ళు కలిపి పిల్లలకి పోస్తే ఒప్పుకోనని ఆవిడ పట్టు. కిప్లింగ్ 'జంగిల్ బుక్'లోని కొన్ని మోగ్లీ కథలు, పాముని చంపిన ముంగిస రిక్కీ-టిక్కీ కథ పుస్తకంగా రాకముందే, 1893-94లో, అమెరికా పిల్లలు ఇందులో చదివేశారు. సరే, అది అలా ఉంచండి.

నేను చెప్పాలనుకున్నది 1899లో వాళ్ళు పెట్టిన లీగ్, అంటే పత్రిక చదివే పిల్లల సంఘం గురించి. నెలనెలా పోటీలు: పద్యం, వచనం, బొమ్మ, ఫొటో, పొడుపుకథ. గెలిస్తే బంగారు బ్యాడ్జో, వెండి బ్యాడ్జో. ఇది సొంతంగా చేసిందేనని అమ్మో నాన్నో మాస్టారో రాసివ్వాలి (ఈ లెక్కన నా తోడేలు అక్కడే దొరికిపోయేది!). అచ్చయితే పేరు పక్కన వయసు కూడా వేసేవాళ్ళు. 1918 సెప్టెంబరులో అలా ఒక యుద్ధ విమానం కథ వచ్చింది, సైన్యంలో ఉన్న అన్న రాసిన ఉత్తరంలోని సంగతి పట్టుకుని ఒక పల్లెటూరి పిల్ల రాసింది. వెండి బ్యాడ్జి వచ్చింది. ఆ పిల్ల రేచల్ కార్సన్. పురుగుమందుల మీద 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' రాసిన ఆవిడే.

గెలిచినవాళ్ళ సంగతి ఎవరైనా చెబుతారు. నాకు నచ్చింది వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే జాబితా. బాగానే రాశారు, కానీ చోటు చాలక వేయలేకపోయాం అని ఆ పిల్లల పేర్లు వేసేవాళ్ళు. అచ్చుకాని వాళ్ళ పేర్లు, అచ్చులో! ఎంతమంది పిల్లలు ఆ పేజీ మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి వెతుక్కుని ఉంటారో.

బళ్ళో గోడపత్రిక నడిపే టీచర్లు వింటుంటే ఒక్క మాట. ఈసారి గోడపత్రిక పెట్టినప్పుడు, అడుగున అరచేయంత జాగా వదలండి. చోటు దొరకని పిల్లల పేర్లు, పక్కన తరగతి. అంతే, ఇంకేం రాయక్కర్లేదు.