కారణం కాదు, కాగితం అడగండి

అందరికీ నమస్కారం.

సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తులకు వచ్చే జవాబుల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది: "మీరు కోరినది సమాచారం అనే నిర్వచనం కిందికి రాదు." అది చదవగానే ఒళ్లు మండుతుంది. అధికారి తప్పించుకున్నారనుకుంటాం. తప్పించుకునేవాళ్లూ ఉన్నారు, కాదనను. అయితే చాలాసార్లు ఆ వాక్యం రాసే వీలు మనమే వాళ్ల చేతికి అందిస్తున్నాం. "మా వీధి రోడ్డు ఆరు నెలలకే ఎందుకు పగిలింది? దీనికి బాధ్యులెవరు? వాళ్లపై ఏం చర్య తీసుకుంటారు?" అని రాస్తాం. మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఈ చట్టం కింద మూడూ చెల్లవు.

చట్టంలోని 2(ఎఫ్) సెక్షన్ చూడండి. రికార్డులు, పత్రాలు, మెమోలు, ఈమెయిళ్లు, ఉత్తర్వులు, లాగ్ బుక్కులు, ఒప్పందాలు, నివేదికలు, నమూనాలు అని వరసగా చెబుతుంది. అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్నది ఇవ్వాలి. లేనిది మన కోసం తయారు చేసి ఇవ్వక్కర్లేదు. అదే జాబితాలో అభిప్రాయాలు, సలహాలు అనే మాటలు కూడా ఉన్నాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజనీరు ఫైల్లో రాసిపెట్టిన అభిప్రాయం సమాచారమే, దాని నకలు అడగవచ్చు. "ఈ రోడ్డు మీద మీ అభిప్రాయం ఏమిటి" అంటే మాత్రం చెప్పాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఉంది. ఒక జడ్జి తన తీర్పులో కొన్ని పత్రాలను ఎందుకు పరిగణించలేదో చెప్పమన్నది అందులోని దరఖాస్తు. కారణాలు చెప్పమని ఈ చట్టం కింద అడగలేరని 2010లో కోర్టు తేల్చింది. 2011లో సీబీఎస్ఈ కేసులో మాట ఇంకా స్పష్టమైంది: విద్యార్థి తన జవాబుపత్రం చూడవచ్చు, ఎందుకంటే అది ఆఫీసులో ఉన్న కాగితం. కొత్తగా సమాచారం పోగుచేసి, విశ్లేషించి ఇవ్వమంటే కుదరదు.

మరి రోడ్డు ఎందుకు పగిలిందో తెలిసేదెలా? ప్రభుత్వం ఏ పనీ నోటిమాటతో చేయదు. ఒక చిన్న సీసీ రోడ్డు పడాలన్నా ముందు తీర్మానం ఉండాలి. తర్వాత అసిస్టెంట్ ఇంజనీరు అంచనా వేస్తారు. దానికి పాలనా అనుమతి, సాంకేతిక అనుమతి రావాలి. ఆ పైన టెండరో, టెండరు లేకుండా నేరుగా అప్పగించే నామినేషనో, కాంట్రాక్టరుతో ఒప్పందం, పని మొదలుపెట్టమని ఉత్తర్వు. పని జరిగాక కొలతలు కొలతల పుస్తకంలోకి ఎక్కుతాయి. దాన్ని అందరూ ఎం.బుక్ అంటారు. ఆ కొలతల్ని పై ఇంజనీరు సరిచూసి సంతకం పెట్టాలి, దాని మీద బిల్లు తయారవ్వాలి, బిల్లు మీద చెల్లింపు జరగాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం, దాని మీద ఒక సంతకం, ఒక తేదీ. మనం అడిగిన "ఎందుకు"కు జవాబు ఈ కాగితాల్లో ఏ రెండింటి మధ్యనో ఉంటుంది.

వీటన్నిటిలో ఒక్కటే తీసుకోమంటే నేను ఎం.బుక్ తీసుకుంటాను. అందులో నాలుగు గళ్లు చూడాలి: పొడవు, వెడల్పు, మందం, పరిమాణం. ఉదాహరణకు పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15 మీటర్లు అని రాసి ఉందనుకోండి. మూడూ గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ప్రభుత్వం డబ్బు కట్టింది ఈ 45కే. ఇప్పుడు టేపు పట్టుకుని రోడ్డు దగ్గరికి వెళ్లండి. పొడవు, వెడల్పు సాధారణంగా సరిపోతాయి. అవి కళ్లకు కనిపించేవి కాబట్టి వాటిలో ఎవరూ చేయి పెట్టరు. మందం భూమిలో ఉంటుంది. ఆ 15 సెంటీమీటర్లు నిజానికి 10 అయితే పోసింది 30 ఘనపు మీటర్లే. రోడ్డులో మూడో వంతు కాగితం మీదే ఉండిపోయిందన్నమాట. బరువైన ట్రాక్టరు నాలుగుసార్లు తిరిగితే పగలక ఏం చేస్తుంది? అలాగని అంచు ఒక్కటే చూసి తీర్మానించకండి. పోత పోసేటప్పుడు పలక అడ్డం పెట్టిన చోట మందం నిండుగా కనిపించి, నడుమ పలచబడే రోడ్లుంటాయి. తేలాలంటే కోర్, అంటే రోడ్డును పైనుంచి కింది దాకా తొలిచి తీసే ముక్క, తీయించాల్సిందే. పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా 2(జె) సెక్షన్ ఇచ్చింది. చాలామంది ఈ సెక్షన్ దాకా రానే రారు.

ఎం.బుక్‌లో తేదీలు కూడా చూడండి. కొలతలు తీసిన తేదీ పని పూర్తికాని రోజుది అయ్యుంటే, లేక కొలతలు, సరిచూడటం, బిల్లు, చెల్లింపు అన్నీ ఒకే రోజున అయిపోయుంటే, అక్కడ ఆగి మళ్లీ చదవాలి. అంకెల మీద అంకెలు దిద్ది, పక్కన పొట్టి సంతకం లేకపోతే అదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మొదటి దరఖాస్తునే తిరిగి రాద్దాం. "ఫలానా గ్రామంలో, ఫలానా వార్డులో, బడి దగ్గర నుంచి చెరువుకట్ట దాకా 2024-25 ఆర్థిక సంవత్సరంలో వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి ఈ కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు: అంచనా, పాలనా, సాంకేతిక అనుమతి ఉత్తర్వులు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం.బుక్‌లో ఈ పనికి సంబంధించిన పేజీలు, నాణ్యత పరీక్ష నివేదికలు, చెల్లించిన బిల్లులు. లోపాలు బయటపడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు ఒప్పందంలో ఎంత ఉందో ఆ పేజీ నకలు." ఇంతే. ఆవేశం లేదు, ఆరోపణ లేదు, ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదు. చివరి అంశాన్ని మాత్రం వదలకండి. గడువు ఇంకా మిగిలి ఉంటే రోడ్డు బాగుచేయించడానికి పైసా కొత్త నిధులు అక్కర్లేదు.

ఈ కిటుకు కనిపెట్టింది చదువుకున్నవాళ్లు కాదు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలు తమకు రావాల్సిన కూలి ఎందుకు రాలేదని అడిగితే, కాగితాల ప్రకారం మీరు పని చేయలేదన్నారు. అయితే ఆ కాగితాలే చూపించమన్నారు వాళ్లు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, ఓచర్లు సంపాదించి, 1994 డిసెంబరు నుంచి ఊళ్లలో జనం ముందు పైకి చదివించింది. మస్టరులో ఉన్న పేరు చదివితే ఆ మనిషే లేచి, నేనా పనికి వెళ్లనే లేదని చెబుతాడు. ఇంక వాదనేముంది? 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా కూడా నకళ్ల కోసమే జరిగింది. అక్కడ మొదలైన డిమాండే 2005లో కేంద్ర చట్టమై, అక్టోబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక పద్ధతి. తెల్లకాగితం చాలు. తెలుగులో రాయవచ్చు, చట్టమే ఒప్పుకుంది. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి సాయపడటం అధికారి బాధ్యత. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, అడిగే అధికారం కూడా వారికి లేదు. ఈ హక్కు పౌరులకు ఇచ్చింది కాబట్టి సంఘం పేరుతోనో ట్రస్టు లెటర్‌హెడ్ మీదనో కాకుండా, మీ పేరుతో, మీ సంతకంతో పెట్టండి. హోదా రాసుకోవాలంటే కింద రాసుకోండి. పైన "ప్రజా సమాచార అధికారి" అని, ఆ కార్యాలయం పేరు రాస్తే సరిపోతుంది. అధికారి వ్యక్తిగత పేరు తెలియనక్కర్లేదు. ఆఫీసు తప్పయినా అంత భయం లేదు. కాగితం తమది కాకపోతే ఐదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకు వాళ్లే పంపాలి. అయితే నాలుగు శాఖల సంగతులు ఒకే దరఖాస్తులో కలిపితే మాత్రం అది నాలుగు ముక్కలై తిరుగుతూనే ఉంటుంది. శాఖకొకటి వేయండి.

తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కేంద్ర కార్యాలయాలకు 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు, కార్డు నకలు జత చేయాలి. చేతికి ఇస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచండి. ఆ తేదీ లేకపోతే ముందుముందు ఏ గడువూ లెక్కపెట్టలేరు.

జవాబు గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. సహాయ సమాచార అధికారికి ఇచ్చి ఉంటే ఇంకో ఐదు రోజులు కలపాలి. ఈ 30 రోజుల లెక్కలో ఒక మెలిక ఉంది, చాలా దరఖాస్తులు దీని దగ్గరే మూలనపడతాయి. ఇరవయ్యో రోజున ఉత్తరం వస్తుంది: "మీరు కోరినవి 62 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 124 రూపాయలు కట్టండి." ఆ ఉత్తరం పంపిన రోజే గడియారం ఆగిపోతుంది. మీరు డబ్బు కట్టిన రోజున మళ్లీ నడుస్తుంది. ఉత్తరం పక్కన పడేసి, నెల దాటినా ఇవ్వలేదని అప్పీలుకు వెళ్తే కొట్టేస్తారు. అదే 30 రోజులు దాటాక ఆ ఉత్తరం పంపితే మీరు పైసా కట్టక్కర్లేదు. గడువు మీరితే ఉచితంగానే ఇవ్వాలని 7(6) సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు వేసి రెండు లైన్ల జవాబు రాస్తే చాలు.

పేజీలు మరీ ఎక్కువైతే నకళ్లకు బదులు పరిశీలన అడగండి. మొదటి గంటకు రుసుము లేదు. ఫైలు ముందు పెట్టుకుని తిప్పితే ఏ ఐదు పేజీలు కావాలో మీకే తెలుస్తుంది, ఆ ఐదింటికే డబ్బు కట్టవచ్చు. ఫైల్లో రెండు భాగాలుంటాయి: వచ్చిన ఉత్తరాలు, పోయిన ఉత్తరాలు ఉండేది కరెంట్ ఫైలు, గుమస్తా మొదలుకుని పై అధికారి దాకా ఒకరి కింద ఒకరు రాసుకున్నది నోట్ ఫైలు. అసలు కథంతా రెండోదాంట్లో ఉంటుంది. అడగకపోతే మొదటిదే చూపించి పంపేస్తారు, కాబట్టి దరఖాస్తులోనే "నోట్ ఫైలుతో సహా" అని రాయండి.

ఇవ్వకపోవడానికి చట్టం ఒప్పుకున్న కారణాలు 8వ సెక్షన్‌లో ఉన్నాయి. ఎక్కువగా వాడేది 8(1)(జె), వ్యక్తిగత సమాచారం. పూర్వం ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉన్నా, విశాల ప్రజా ప్రయోజనం ఉన్నా ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ మాటలు తీసేసింది. 2025 నవంబరు నుంచి ఆ మార్పు అమల్లో ఉంది. నా దృష్టిలో ఇది చట్టానికి తగిలిన పెద్ద దెబ్బ. ఇప్పుడు మస్టరులోని పేర్లు కూడా వ్యక్తిగతమేనని అనడానికి వీలు దొరికింది. ఇంకా మిగిలి ఉన్న దారి 8(2): హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు. అందుకే అలాంటి వివరాలు అడిగేటప్పుడు ఆ ప్రయోజనం ఏమిటో ఒక పేరాలో రాయండి. కారణం చెప్పక్కర్లేదన్నది నిజమే, ఇక్కడ మాత్రం చెబితేనే లాభం.

జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. వినేది అదే కార్యాలయంలోని పై అధికారి. 30 రోజుల్లో, కారణం రాసిపెడితే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే వారికి జరిమానా లేదు. 20వ సెక్షన్ జరిమానా, అంటే రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా, ప్రజా సమాచార అధికారికే పడుతుంది. అందుకే మొదటి అప్పీళ్లు అంత తేలిగ్గా మూలుగుతుంటాయి. అయినా దాన్ని దాటవేయకండి, అది లేకుండా రెండో అప్పీలు నిలవదు. రెండో అప్పీలు 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వేయాలి. దరఖాస్తు, రసీదు, జవాబు, మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు ఉంటే అదీ, తేదీల వరసలో జతచేయండి. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో లేదు, ఓపిక పట్టాల్సిందే.

కోపంలో 18వ సెక్షన్ కింద ఫిర్యాదు పెట్టేవాళ్లకు ఒక మాట. ఆ దారిన వెళ్తే అధికారికి కమిషన్ జరిమానా వేయగలదు గానీ, కాగితం ఇప్పించే అధికారం దానికి లేదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం కావాలంటే 19వ సెక్షన్ కింద అప్పీలే వేయాలి. అప్పీలు కాగితం పైన సెక్షన్ నంబరు వేసేటప్పుడు చూసుకుని వేయండి.

బల్లల మీద తెల్లకాగితాలు పెట్టించాం. మీ ఊళ్లో పూర్తయిన ఒక్క పని తలుచుకుని, అది ఎక్కడ, ఎప్పుడు జరిగింది, దానికి సంబంధించి ఏ కాగితం కావాలి అన్నది రాయండి. పది నిమిషాల తర్వాత ఒక్కొక్కటే చదువుదాం. ప్రశ్నార్థకం కనిపించిన చోటల్లా ఆగి దిద్దుకుందాం.