పాత బట్టతో కొత్త టోపీ: కత్తెర పట్టుకునే ముందు ఏం చూడాలి

(తెర మీద: ఒక బల్ల. దాని మీద కుట్లు విప్పిన కోటు, టైల కుప్ప, పుల్లలు ఊడదీసిన గొడుగు, జీన్స్ కాలు, ఒక మూలన పాత పట్టు గౌను. పక్కన టేపు, కత్తెర.)

నమస్కారం. ఈ బల్ల మీదున్న వాటిలో టోపీకి అస్సలు పనికిరానిది ఒకటుంది. చూడ్డానికి మాత్రం అన్నిటికన్నా అదే బాగుంది. అదేంటో మీరు ఊహిస్తూ ఉండండి, కాసేపట్లో చెబుతాను.

పాత బట్టతో ఏదైనా కుట్టాలంటే టోపీ అంత వీలైనది ఇంకోటి లేదు. షర్టు కుట్టాలంటే రెండు మీటర్ల దాకా బట్ట కావాలి, అదీ ఒకే తానులోది. టోపీకి అర మీటరు చాలు. ఆ అర మీటరు కూడా ఒకే ముక్కగా ఉండక్కర్లేదు. ఆరు ప్యానెళ్ల క్యాప్, అంటే ఆరు ముక్కలు కలిపి కుట్టేది, తీసుకుంటే ఒక్కో ప్యానెల్ మన అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. చిరిగిన చోటు, మరక పడిన చోటు తప్పించి కోసుకోవచ్చు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ కూపన్లు పెట్టారు. 1941 జూన్‌లో మొదలైన ఆ పద్ధతి 1949 మార్చి దాకా సాగింది. టోపీలకు కూపన్ అక్కర్లేదు. అయినా చాలామంది ఇంట్లో ఉన్న ముక్కలతోనే తలకు చుట్టుకునేవీ, టోపీలూ తయారుచేసుకున్నారు.

చాలామంది ముందు డిజైన్ ఎంచుకుని తర్వాత బట్ట వెతుకుతారు. కొత్త బట్టయితే అలా చేసినా నడుస్తుంది. పాత బట్టతో మాత్రం వరస తిరగబడాలి. ముందు బట్టను పరీక్షించాలి. అది దేనికి ఓర్చుకోగలదో తేలాకే టోపీ ఎలా ఉండాలన్నది. నా లెక్కలో ఈ పనిలో సగం కుట్టు మిషన్ దగ్గరికి వెళ్లకముందే అయిపోతుంది.

(తెర మీద: బట్టను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్న చేతులు.)

మొదటి పరీక్ష వెలుతురులో. బట్టను కిటికీకి అడ్డంగా పట్టుకోండి. పలచబడిన చోట్లు, పురుగు కొట్టిన చిల్లులు, ఎండకు వెలిసిన చారలు అన్నీ బయటపడతాయి. కర్టెన్లయితే మడతల వెంబడి నిలువు చారలుగా వెలుస్తాయి. ఆ చారలు అందంగానే ఉంటాయి కానీ అక్కడ పోగు బలం తగ్గి ఉంటుంది. ఎండకు పెట్టుకునే టోపీయే కావాలంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. బట్టలోంచి వెలుతురు సూదుల్లా కనిపిస్తోందంటే అతినీలలోహిత కిరణాలు కూడా ఆ దారినే వస్తాయి. బట్ట ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకెను యూపీఎఫ్ అంటారు. యూపీఎఫ్ 50 అని రాసిన బట్ట ఆ కిరణాల్లో 50వ వంతును మాత్రమే, అంటే రెండు శాతమే లోపలికి వదులుతుంది. దట్టమైన ముదురు రంగు జీన్స్ ఎండను బాగా ఆపుతుంది. అరిగిన పలచటి కాటన్ చొక్కా ఆపలేదు.

రెండోది లాగి చూడటం. పడుగు (నిలువు పోగు) వైపు లాగండి, పేక (అడ్డ పోగు) వైపు లాగండి, తర్వాత మూలగా, మన టైలర్లు క్రాస్ అంటారే, అలా లాగండి. మంచి బట్ట క్రాస్‌లో సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. సన్నగా చిటపటమని చప్పుడు వచ్చిందో, దాన్ని పక్కన పెట్టేయడమే.

(తెర మీద: పట్టు గౌను మీదికి కెమెరా. మడత దగ్గర నిలువుగా చీలికలు.)

ఇదిగో, ఇందాక దాచిపెట్టిన జవాబు. ఈ గౌను దాదాపు వందేళ్ల కిందటి పట్టు. ఆ రోజుల్లో పట్టును తూకం వేసి అమ్మేవారు. దారం మీదుండే సహజమైన జిగురు తీసేశాక బరువు తగ్గిపోతుంది కదా, ఆ లోటు పూడ్చడానికి తగరం లాంటి లోహాల లవణాలు ఎక్కించేవారు. బట్ట బరువుగా, గలగలలాడుతూ భలే ఉండేది. కానీ కాలం గడిచేకొద్దీ ఆ లవణాలే దారాన్ని పెళుసుగా మార్చేస్తాయి. మడత పడిన చోటల్లా చీలిపోతుంది. వెనక గట్టిదనం కోసం ఏ క్యాన్వాస్ అతికించినా ఇది నిలబడదు. ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోండి, తలకు మాత్రం వద్దు.

మూడోది దారం ఏమిటో తెలుసుకోవడం. లేబుల్ ఊడిపోయి ఉంటుంది కాబట్టి లోపలి మార్జిన్‌లోంచి (కుట్టు పక్కన మిగిలే బట్ట) రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద కాల్చి చూడండి. పిల్లలు దగ్గర లేనప్పుడు. కాటన్, నార కాగితంలా మండి మెత్తటి బూడిద అవుతాయి. ఉన్ని, పట్టు వెంట్రుక కాలిన వాసనేస్తాయి, మంట తీసేస్తే చాలావరకు ఆరిపోతాయి. పాలిస్టర్, నైలాన్ కరిగి గట్టి పూసలా మిగులుతాయి. కలగలుపు బట్టయితే రెండు లక్షణాలూ కనిపిస్తాయి. ఇదంతా ఎందుకంటే ఇస్త్రీ వేడి ఎంత పెట్టాలో ఇక్కడే తేలుతుంది.

ఇక రంగు. తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దండి. రంగు అంటుకుంటే చెమటకు నుదుటికీ అంటుకుంటుంది. ముఖ్యంగా ముదురు జీన్స్.

ఉతకడం గురించి ఒక్క మాట. కాటనైతే కోయకముందే వేడి నీళ్లలో ఉతికేయండి, కుదించుకుపోయేదంతా అప్పుడే కుదించుకుపోనివ్వండి. ఉన్ని కోటును అలా చేయకూడదు. దాన్ని గాలి చొరని కవర్లో పెట్టి, సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే బట్ట పురుగులు, వాటి గుడ్లు చస్తాయి.

(తెర మీద: ఒక్కో బట్ట దగ్గరికీ కెమెరా మెల్లగా జరుగుతుంది.)

ఇప్పుడు ఏ బట్టకు ఏ టోపీ?

జీన్స్ అందరికీ తెలిసిందే. మోకాలి దగ్గర వెలిసిన భాగం, జేబు ఊడదీశాక మిగిలే ముదురు అచ్చు, ఇవి కొత్త బట్టలో దొరకవు. వాటిని నుదుటి మీదికి వచ్చేలా పెట్టండి. చిక్కంతా మందం దగ్గరే. రెండు అతుకులు కలిసే చోట బట్ట ఆరు, ఎనిమిది పొరలవుతుంది. 16 లేదా 18 నంబరు సూది వేసి, ఆ గుట్టను కుట్టే ముందు సుత్తితో కొట్టి చదును చేయండి. సుత్తి అంటే నిజంగా సుత్తే.

టైలు చూడ్డానికి ఊరిస్తాయి, కుట్టేటప్పుడు ఏడిపిస్తాయి. కారణం ఉంది. టైని 45 డిగ్రీల కోణంలో, క్రాస్‌లో కోస్తారు, ముడి వేసినప్పుడు మెలితిరగకుండా. విప్పితే వెడల్పు వైపు ఒక ప్యానెల్‌కు సరిపడా బట్ట వస్తుంది కానీ అది ఎటు పడితే అటు సాగుతుంది. అందుకని వెనక ఇస్త్రీ వేడికి అతుక్కునే పలచటి పేస్టింగ్ క్యాన్వాస్‌ను నిలువు పోగు సరిచూసుకుని అతికించాకే ప్యానెల్ కోయండి. మిగిలిన సన్నటి భాగం క్రాస్ పట్టీకి, అంచు పైపింగ్‌కు సరిగ్గా సరిపోతుంది. దానికోసమే పుట్టినట్టుంటుంది.

గొడుగు నాకు భలే ఇష్టం. మామూలు గొడుగుకు ఎనిమిది పుల్లలు, ఎనిమిది త్రికోణాలు. ఎనిమిది ప్యానెళ్ల గుండ్రటి టోపీకి లెక్క అక్కడే కుదిరిపోయింది. వాన ఆపుతుంది, బరువుండదు. కానీ సూది పడిన చోట చిల్లు శాశ్వతం. గుండుసూదులు వద్దు, బట్టల క్లిప్పులు వాడండి, కుట్టు విప్పే అవసరం రాకుండా చూసుకోండి. గాలి ఆడదు కాబట్టి రెండు పక్కలా ఐలెట్లు, అంటే గాలి ఆడే చిన్న రంధ్రాలు, తప్పనిసరి.

ఉన్ని స్వెటర్ నూటికి నూరు శాతం ఉన్నిదైతే వేడి నీళ్లలో సబ్బు వేసి బాగా నలపండి. పోగుల మీద ఉండే సన్నటి పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట దట్టమవుతుంది, కుదించుకుపోతుంది. అప్పుడు కత్తిరించినా అంచు పోగులు ఊడవు. ఎంత కుదించుకుపోతుందో ముందే చెప్పలేం. 10 సెంటీమీటర్ల చదరం దారంతో గుర్తు పెట్టి ఉతికి, మళ్లీ కొలవండి. మిషన్లో ఉతకొచ్చని రాసిన ఉన్ని ఇలా బిగుసుకోదు, ఆ పొలుసుల పని ముందే తీసేసి ఉంటారు.

గోనె సంచి ఫొటోల్లో బాగుంటుంది. తలకు గుచ్చుకుంటుంది, నారలు రాలుతుంది, తడిస్తే బలం తగ్గుతుంది. మందపాటి లైనింగ్ వేయకుండా దాని జోలికి వెళ్లకండి.

కోటు సంగతి వేరే. అందరూ బయటి ఉన్ని బట్ట మీదే కన్నేస్తారు. నేనైతే ముందు లోపల చూస్తాను. పాత పద్ధతిలో కుట్టిన మంచి కోటు ఛాతీ భాగంలో గుర్రపు వెంట్రుక కలిపి నేసిన క్యాన్వాస్ ఉంటుంది. వంచితే మళ్లీ తన ఆకారానికి వస్తుంది. టోపీ అంచు లోపల పెట్టడానికి దాన్ని మించింది నాకైతే కనిపించలేదు. కోటు విప్పేటప్పుడు చాలామంది దాన్ని చెత్తబుట్టలో వేస్తారు, కడుపు తరుక్కుపోతుంది.

(తెర మీద: తల చుట్టూ టేపు. అంకె: 58 సెం.మీ.)

కొలతలకొద్దాం. టేపు నుదుటి మధ్య నుంచి, చెవుల పైనుంచి, వెనక తల ఉబ్బెత్తు మీదుగా తిరగాలి. పెద్దవాళ్లకు మామూలుగా 54 నుంచి 62 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. దానికి ఒక సెంటీమీటరు వదులు కలపండి. లోపల మందపాటి లైనింగ్ ఉంటే ఇంకో అర సెంటీమీటరు.

58 వచ్చిందనుకుందాం. వదులుతో 59. ఆరు ప్యానెళ్లయితే ఒక్కోటి అడుగున 9.8 సెంటీమీటర్లు, మార్జిన్ కాకుండా. ఇప్పుడు ఒక ప్రమాదం చూడండి. ఒక్కో కుట్టు దగ్గర ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు ఎక్కువ లోపలికి కుట్టారు. ఒక్కో అతుకుకు రెండు మిల్లీమీటర్లు, ఆరు అతుకులకు 12. టోపీల్లో ఒక సైజుకూ ఇంకో సైజుకూ తేడా దాదాపు ఒక సెంటీమీటరే. అంటే కంటికి కనిపించని తప్పుతో సైజు మొత్తం మారిపోయింది! ప్యానెళ్లన్నీ ఒకే మందం బట్టవి కాకపోతే ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మందపాటి బట్ట మడతలోనే కొంత తినేస్తుంది. అందుకే అసలు బట్ట ముట్టుకునే ముందు ఏదైనా పాత దుప్పటితో నమూనా టోపీ కచ్చా కుట్టుతో కుట్టి, తలకు పెట్టి చూడాలి.

చుట్టుకొలత ఒక్కటే సరిపోదు. ఇద్దరికీ 58 ఉన్నా ఒకరి తల కోలగా, ఇంకొకరిది గుండ్రంగా ఉండొచ్చు. గుండ్రటి టోపీ కోల తలకు ముందూ వెనకా నొక్కుతుంది, పక్కల వదులుగా ఆడుతుంది. 19వ శతాబ్దంలో పారిస్‌లో దీనికోసం కాన్ఫార్మటర్ అని ఒక పరికరమే తయారుచేశారు. తల మీద పెడితే దాని ఆకారాన్ని చిన్నదిగా చేసి కాగితం మీద చుక్కలుగా గుచ్చేది. మనకు అంత అక్కర్లేదు. వంగే తీగను తల చుట్టూ వంచి, జాగ్రత్తగా తీసి, కాగితం మీద గీసుకుంటే చాలు.

ఒకరి కోసం ప్రత్యేకంగా కుట్టేటప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. జుట్టు ముడి వేస్తారా? అయితే వెనక చీలిక కావాలి. ఉంగరాల జుట్టా? లోపల శాటిన్ వేయండి, కాటన్ లైనింగ్ జుట్టును రాపిడి పెడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారా? పైన గుండీ వద్దు, గుచ్చుకుంటుంది. క్యాన్సర్ చికిత్సలో జుట్టు పోయినవాళ్ల కోసమైతే తల చర్మం చాలా సున్నితంగా ఉంటుంది. వాళ్లకు అతుకుల మార్జిన్లన్నీ బయటి బట్టకూ లైనింగ్‌కూ మధ్య దాగిపోవాలి, చర్మానికి మెత్తటి కాటన్ మాత్రమే తగలాలి. డిజైన్ ఆ తర్వాతే.

(తెర మీద: కాగితం రింగు. దానికి ఒక చోట కోత. రెండు చివరలు ఒకదాని మీదికి ఇంకోటి జరుగుతాయి.)

చుట్టూ అంచు కిందికి వాలే టోపీని బకెట్ హ్యాట్ అంటారు. దాని అంచు ఎలా వాలుతుందో ఈ కాగితంతో చూడండి. పూర్తి రింగు అలాగే కుట్టేస్తే పళ్లెంలా అడ్డంగా నిలబడుతుంది. ఒక చోట కోసి చివరలు ఒకదాని మీదికి ఇంకోటి జరిపితే కిందికి వాలుతుంది. ఎంత జరిపితే అంత వాలు. లోపలి వలయం మాత్రం తల కొలతకే రావాలి కాబట్టి మళ్లీ సరిచూసుకోవాలి. ఎండ కోసమైతే అంచు వెడల్పు 7.5 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. గుండ్రంగా కోసినప్పుడు బట్ట కొన్ని చోట్ల క్రాస్‌లో పడుతుంది, అక్కడ అంచు అలల్లా వంకర్లు పోతుంది. అర సెంటీమీటరు దూరంలో వరసగా పై కుట్లు తిప్పుకుంటూ వెళ్తే ఆ వంకర్లు పోతాయి, అంచూ గట్టిపడుతుంది. ఇది ఓపిక పని, మధ్యలో దారం అయిపోతే చికాకు కూడా. బాబిన్ నిండుగా చూసుకుని మొదలుపెట్టండి.

లోపల చెమట పట్టీని చివర్లో చేతితో కుట్టండి, మిషన్‌తో కాదు. టోపీలో అందరికన్నా ముందు పాడయ్యేది అదే. చేతి కుట్టయితే విప్పి మార్చేయొచ్చు, మిగతా టోపీ జోలికి వెళ్లక్కర్లేదు.

లోపల బక్రం (టోపీని గట్టిగా నిలబెట్టే బట్ట) పెట్టిన టోపీని నీళ్లలో ముంచకండి. దాని గట్టితనమంతా గంజిదే, తడిస్తే మెత్తబడి కూలిపోతుంది. మరక ఉన్న చోట తడి గుడ్డతో తుడవండి. జీన్స్ టోపీని చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, తల సైజు గిన్నె బోర్లించి దాని మీద ఆరబెట్టండి.

అట్ట వైజర్ (కళ్ల మీదికి వచ్చే ముందు భాగం) ఉన్న పాత క్యాప్ దొరికితే, ఒకవైపు కుట్టు విప్పి అట్ట తీసేసి ప్లాస్టిక్ పెట్టుకోవచ్చు. ఫైల్ కవర్ చాలదు, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం కావాలి. పగిలిన ప్లాస్టిక్ బకెట్ గోడలోంచి కోసుకోండి, వంపు ముందే ఉంటుంది. మూలలు గరుకు కాగితంతో రుద్దడం మర్చిపోవద్దు, లేదంటే వారంలో బట్టను కోసేస్తుంది.